బానెట్ మీద దుప్పటి

మా బావ కొత్త పికప్ ట్రక్కు బానెట్ మీద రైఫిల్ ఆనించాలంటే ముందు ఆ బానెట్ రంగుతో రాజీ కుదుర్చుకోవాలి. కెనడాలో ఏప్రిల్ నెల. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. నోరు తెరిస్తే ఊపిరి పొగలా బయటికి వస్తోంది. ఆ చలిలో నిలబడి నేనూ బావా గొంతు తగ్గించుకుని దుప్పటి గురించి బేరమాడుకుంటున్నాం.

"నాలుగు మడతలు వెయ్యాలె," అన్నాడు బావ. బావది వరంగల్ వైపు. "ఒక్క గీత పడ్డా ఊకోను."

"నాలుగు మడతలేస్తే పరుపు మీద పెట్టినట్టుంటుంది బావా. తుపాకీ అందులో దిగబడిపోతుంది. అసలు దుప్పటే వద్దు. ఈ సంచి చాలు."

నా చేతిలో ఉన్నది సగం ఖాళీ అయిన కందిపప్పు సంచి. తుపాకీ కింద పెట్టుకోవడానికని ఇక్కడి దుకాణాల్లో ప్రత్యేకంగా సంచులు అమ్ముతారు. ఒకటి చేతిలోకి తీసుకుని నలిపి చూశాక, ఈ పని కందిపప్పు చేయలేదా అనిపించింది. చేయకపోతే వండుకోవచ్చు. ఆ దుకాణపు సంచికి ఆ సౌకర్యం లేదు.

"పప్పు సంచి మీద తుపాకీ," అన్నాడు బావ. "మీ కోమటి బుద్ధి కెనడా వచ్చినా పోలేదుర బామ్మర్ది."

"నీ దుప్పటి బుద్ధి పోయిందా?"

చివరికి రెండు మడతల దుప్పటి, దాని మీద సంచి అని తేల్చుకున్నాం. ఇద్దరం సగం సగం గెలిచాం. నేను తెనాలి బజారులో మా నాన్న బట్టల కొట్లో పెరిగినవాణ్ణి. సగం గెలుపంటే నాకు పూర్తి గెలుపు కన్నా ఇష్టం, ఎదుటివాడు కూడా నవ్వుతూ మెట్లు దిగుతాడు కాబట్టి. ఆ పొద్దున మా బేరంలో మూడో పక్షం ఒకటుందని, దానికి సగం సగాలు తెలియవని మాత్రం నాకు తట్టలేదు. ఆ మూడో పక్షం తుపాకీ.

మేం అక్కడ నిలబడింది మా అక్క కోసం. అక్క మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, ఏజాక్స్ ఊరికి ఉత్తరాన కొంత పొలం తీసుకుని మేకలు పెంచుతోంది. పిచ్చి అన్నవాళ్ళలో నేను మొదటివాణ్ణి. అవే మేకల్ని పండక్కీ పబ్బానికీ వెతుక్కుంటూ వచ్చిన మన జనాన్ని చూసి, పిచ్చి అన్న మాట ఎవరో అన్నారని చెప్పడం మొదలుపెట్టాను. ఆ వసంతంలో మేకలు ఈనడం మొదలుకాగానే నక్క వచ్చింది. షెడ్డు చెక్కలు అడుగున పుచ్చిపోయాయి. ఒక సందు మూస్తే పక్కనే ఇంకోటి తవ్వుతోంది. అక్క రాత్రంతా షెడ్డులోనే పడుకునేది. తెల్లవారాక నీళ్ళు పట్టడానికి బకెట్టు తీసుకుని ఇంట్లోకి వెళ్ళేది. ఆ కాస్త వ్యవధిలో నక్క పని కానిచ్చుకుపోయేది. పుట్టిన పిల్లలన్నీ అలా ఒక్కొక్కటే పోయాయి. చివరగా ఈనిన మేకకు రెండు పిల్లలు. అవే మిగిలాయి.

అంతకు ముందురోజు రాత్రి భోజనాల దగ్గర అక్క అంది, "ఈ రెండూ కూడా పోతే మంద మొత్తం అమ్మేస్తాను. మళ్ళీ మార్కమ్ వెళ్ళి ఏదో ఉద్యోగం చూసుకుంటాను."

బెదిరించడానికి అనే మాటలు నాకు బాగా తెలుసు. "పోనీలెండి, పక్క కొట్లో చూస్తాం" అనేవాళ్ళందరూ ఆ మాట అంటూనే మా నాన్న ముఖంలోకి చూసేవారు. అక్క ఎవరి ముఖంలోకీ చూడలేదు. పెరుగన్నం కలుపుకుంటూ అంది. బావ చేయి కంచంలో ఆగిపోయింది.

లైసెన్సు ఉన్నది నాకు. రైఫిల్ ఉన్నది నాకు. అప్పటివరకు నేను కాల్చింది కాగితాన్ని. గురి కుదిరిన కాగితాలు దాచుకుని బంధువులకు చూపించేవాణ్ణి. తప్పిపోయినవి చూపించేవాణ్ణి కాదు. కొట్టు ముందు ఏ చీర వేలాడదీయాలో, ఏది లోపల అరలో ఉంచాలో మాకు చిన్నప్పుడే అలవాటవుతుంది. ఆ ప్రదర్శన ఫలితమే ఈ పిలుపు. "నువ్వున్నావుగా," అంది అక్క. ఇక తప్పించుకునే దారి లేదు.

బానెట్ ఎందుకంటే, నిలబడి చేతుల్లో పట్టుకుంటే ఊపిరికే తుపాకీ గొట్టం ఊగుతుంది. పడుకుందామంటే బురద, ముఖానికి అడ్డంగా ఎండుగడ్డి. బండి మిట్ట మీద పెట్టి, దాని వెనక నిలబడి, బానెట్ మీద మోచేతులు ఆనిస్తే కింద షెడ్డు, కంచె, పొలం మొత్తం కనిపిస్తాయి.

"హీటర్ వేసుకుందామా?" అన్నాడు బావ.

"ఇంజన్ ఆన్‌లో ఉంటే బానెట్ వణుకుతుంది. బానెట్ వణికితే గురి వణుకుతుంది."

"నేను వణుకుతున్న. దానికేం పర్వాలేదా?"

"నువ్వు బానెట్‌కి తగలకుండా వణుకు."

కాల్చే ముందు గుండు ఎక్కడ ఆగుతుందో చూసుకోవాలని లైసెన్సు క్లాసులో మాకు నూరిపోశారు. కంచెకు అవతల రోడ్డు. ఎడమవైపు షెడ్డు. ఆ రెంటికీ మధ్య, షెడ్డుకు కొంచెం ఇవతల, పెద్ద పెంటకుప్ప గోడలా లేచి ఉంది. నక్క దాని ముందుకు వచ్చినప్పుడే నేను కాల్చగలను. అంతకు ముందు కాలిస్తే వెనక రోడ్డు. కుప్ప దాటితే వెనక షెడ్డు, అందులో పిల్లలు. నాకు దొరికేది ఆ కుప్ప వెడల్పు, అంతే.

వెలుగు వచ్చేవేళకి అక్క రోజూలాగే బకెట్టుతో షెడ్డులోంచి వచ్చింది. మా వైపు చూడవద్దని ముందే చెప్పాను. చూడలేదు. తొందర లేకుండా నడిచింది, తలుపు వేసుకుంది, వంటింట్లో లైటు వెలిగింది. నా మాట మీద ఆ రెండు పిల్లల్నీ ఎరగా వదిలి వెళ్ళింది. 

నక్క వచ్చింది.

ఎర్రటి ఒళ్ళు, తోక చివర తెలుపు. కంచె కింద నుంచి దూరి, షెడ్డు వైపు చూడనైనా చూడకుండా ఎండుగడ్డి వాసన చూస్తూ నిలబడింది. ఆ నటన చూడగానే గుర్తుపట్టాను. కొనాలని ఇంటి దగ్గరే నిర్ణయించుకుని వచ్చి, ఆ చీర తప్ప మిగతావన్నీ విప్పించి చూసే మనిషి సరిగ్గా ఇలాగే నిలబడుతుంది. నాకు భయం వేసింది. మామూలు జంతువైతే ఏమో గానీ, ఇది నాకు సమానమైన బేరగాడు.

జేబులోంచి గుండు తీసి పెట్టి, చప్పుడు కాకుండా బోల్ట్ గడియ మూశాను.

"కొట్టు," అన్నాడు బావ చెవి దగ్గర.

"వెనక రోడ్డు."

"రోడ్డు మీద ఎవ్వరు లేరు గద."

"వస్తారు."

నిజంగానే ఒక కారు లైట్లు కంచె మీదుగా పాకి వెళ్ళాయి.  నక్క రెండడుగులు వేసి ఆగింది. ఇంకొంచెం, ఇటు, ఎడమకి, అని లోపల బతిమాలుకుంటున్నాను. అది చటుక్కున వెనక్కి తిరిగి కంచె వైపు నడిచింది.

"పాయె," అన్నాడు బావ. "జూస్తుండంగనే పాయె."

నేను కదల్లేదు. వెళ్ళిపోతున్న మనిషిని గుమ్మం దాటేదాకా పిలవకూడదు. మా నాన్న నాకు ఇచ్చిన ఆస్తి అదొక్కటే.  కొట్లో అయితే పోయేది ఒక చీర బేరం. ఇక్కడ అది వెళ్ళి, నేను ఇంటికి పోయాక మళ్ళీ వస్తే, పోయేది అక్క పెట్టుకున్న బతుకు.

షెడ్డులో ఒక పిల్ల సన్నగా అరిచింది. నక్క ఆగింది. తిరిగింది. ఈసారి నటన లేదు. తల దించుకుని, గడ్డి అంచు వెంబడి నేరుగా వచ్చి పెంటకుప్ప ముందు నిలబడింది.

సేఫ్టీ తీశాను. తుపాకీ మీది స్కోప్‌లో, అద్దం మీది గీతలు దాని భుజం మీద కూర్చున్నాయి. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది. అద్దం కింది సగంలో ఏదో మసక. పెంటకుప్ప మీద లేస్తున్న ఆవిరి అనుకున్నాను. చలి పొద్దుల్లో అది పొగలు కక్కుతూనే ఉంటుంది. కానీ ఆవిరైతే కదలాలి. ఇది కదలడం లేదు. నేను ఊపిరి పీలిస్తే మాత్రం కొంచెం కిందికి దిగుతోంది, వదిలితే పైకి వస్తోంది.

కన్ను తీసి చూశాను.

పప్పు సంచి నా బరువుకి నలిగి పక్కలకు జారింది. దాంతో గొట్టం కిందికి దిగింది. దాని ముందు బావ దుప్పటి మడత గట్టులా లేచి నిలబడింది. దుప్పటి కింద బానెట్. స్కోప్ ఉండేది గొట్టానికి పైన. అందుకని నా కన్ను నక్కను చూస్తోంది, గొట్టం బానెట్‌ను చూస్తోంది. నాలుగు మడతలున్నా, అసలు దుప్పటి లేకపోయినా గొట్టం ముందు ఆ గట్టు వచ్చేది కాదేమో. మా ఇద్దరికీ నచ్చేలా కుదిరిన ఒప్పందంలోనే వచ్చింది. వేలు ఇంకాస్త బిగించి ఉంటే గుండు ఆ ఇనుము మీద జారి ఎటు పోయేదో. ఎడమవైపు షెడ్డు. కుడివైపు వంటింటి కిటికీ, అందులో లైటు.  వేలు తీసి, సేఫ్టీ వేశాను.

"ఏమాయె?" అన్నాడు బావ.

కళ్ళతోనే దుప్పటి చూపించాను. గొట్టం చివర చూపించాను. దుప్పటి తీసేసి రైఫిల్‌ని బానెట్ అవతలి అంచుదాకా ఒట్టి రంగు మీద ఈడ్చాలి. ఆ సంగతి బావకు ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటున్నాను. ముందు సగం మడత అడుగుదాం, ఒప్పుకుంటే ఇంకొంచెం జరుపుదాం, గీత పడకుండా చూస్తానని మాటిద్దాం. ఇంత ప్రమాదంలో కూడా నా బుర్ర తిరిగే దారి అదే.

బావ ఒక్క క్షణం గొట్టం వైపు చూశాడు. తర్వాత చెయ్యి చాచి, దుప్పటిని మెల్లమెల్లగా, నిద్రపోతున్న బిడ్డ మీది నుంచి తీసినట్టు తన వైపు లాక్కోవడం మొదలుపెట్టాడు.

"గీత పడుతుంది బావా."

"పడనియ్. నీకెంత గావాల్నో అంత ముందుకు జరుపు."

నా జీవితంలో ఎవరూ అడగకముందే అంతా ఇచ్చేయలేదు. ఇందులో ఏదో తిరకాసు ఉందేమోనని ఒక్క క్షణం నిజంగా అనుమానపడ్డాను. తర్వాత సంచిని ముందుకు నెట్టి, బానెట్ మీద బోర్లా వాలి, రైఫిల్‌ని జరిపాను. దాని పట్టీ తగిలించే ఇనప కొక్కెం రంగు మీద కిర్రుమని గీసుకుపోయింది. ఆ నిశ్శబ్దంలో ఊరంతా వినపడినట్టనిపించింది.

నక్క తల ఎత్తింది. సూటిగా మా వైపు చూసింది. షెడ్డులో పిల్ల మళ్ళీ అరిచింది. ఇటు మా చప్పుడు, అటు ఆ అరుపు, మధ్యలో అది ఒక కాలు పైకెత్తి నిలబడింది. నేను ముందు గొట్టం వెంబడి చూశాను. ఖాళీ. అప్పుడు స్కోప్‌లోకి చూశాను. మసక లేదు. బేరమాడటానికి ఇక ఎవరూ మిగల్లేదు.

కాల్చాను.

భుజానికి దెబ్బ తగిలింది, చెవుల్లో ఈల మోగింది. నక్క ఉన్నచోటే ఒరిగిపోయింది. మళ్ళీ లేవలేదు. బోల్ట్ తీసి, గొట్టం ఖాళీ చేసి, వేలు పెట్టి మరీ చూసుకున్నాను. 

వంటింటి తలుపు దడాలున తెరుచుకుంది. అక్క పరుగెత్తుకొచ్చింది. మా వైపు కాదు, నక్క వైపూ కాదు. షెడ్డులోకి. నేనూ బావా వెనకే వెళ్ళాం. పిల్లలు రెండూ తల్లి కడుపు కింద ముడుచుకుని ఉన్నాయి. తల్లి మేక కాళ్ళు బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసుకుని గోడకు అతుక్కుని నిలబడింది.

"బెదిరిపోయింది," అంది అక్క. "పాలు చేపట్లేదు చూడు."

మోకాళ్ళ మీద కూర్చుని పొదుగు నిమురుతూ, ఏదో గొణుగుతూ ఉండిపోయింది. పిల్లలు కుడుస్తున్నాయి, వదిలేస్తున్నాయి, అరుస్తున్నాయి. నక్కను కాల్చి, ఆ చప్పుడుతో తల్లి పాలు ఎండబెట్టానా అని నాకు కొత్త భయం పట్టుకుంది.  చాలాసేపటికి మేక ఒంట్లో బిగువు సడలింది. ఒక పిల్ల మూతి పెట్టి ఇక వదల్లేదు. దాని చిట్టి తోక గిరగిరా తిరగడం మొదలైంది.

అక్క మోచేత్తో ముఖం తుడుచుకుంది. "అమ్మనులే," అంది.

"ఎప్పటికీ అమ్మవా?" అన్నాను.

"ఈ ఏడాది అమ్మను."

"ఇంకో రెండేళ్ళు కలిపి చెప్పక్కా."

"ఒరేయ్, ఈ ఏడాదన్నాను కదా! పార ఆ మూలన ఉంది. ఆ నక్కని పెంటకుప్పలో పారెయ్యకుండా తీసుకెళ్ళి పాతిపెట్టు."

"ఎంత లోతు?"

"పక్క ఫారం కుక్కలు తవ్వలేనంత."

"మోకాలి లోతు చాలదూ?"

అక్క అప్పటికే అటు తిరిగింది. రెండో పిల్లని పొదుగుకు అందిస్తోంది.

బయట బావ బొటనవేలితో బానెట్ మీది గీతను రుద్ది చూశాడు. పోలేదు. ఇంకో పార తీసుకుని నా వెనకే వచ్చాడు. కంచె పక్కన నేల పైన బురద, కిందికి వెళ్ళేకొద్దీ రాయిలా గట్టి. నక్కను గడ్డి మీద పడుకోబెట్టి, దాని ముఖం మాకు కనపడకుండా అటు తిప్పి తవ్వడం మొదలుపెట్టాం. గొయ్యి మోకాళ్ళ లోతు దాటేసరికి నాకు నడుము పట్టేసింది.

"చాల్లే బావా. ఇంత లోతుకి ఏ కుక్క వస్తుంది?"

బావ నుదురు తుడుచుకుని షెడ్డు వైపు చూశాడు. "మీ అక్కను నువ్వే పొయ్యి అడుగు."

నేను మళ్ళీ పార అందుకున్నాను.