పక్క కుర్చీలో మాలకొండమ్మ

దుర్గాంబకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. గిద్దలూరు బజారులో వాళ్లది స్టీలు, రాగి సామాన్ల అంగడి. భర్త రామలింగయ్య గల్లా దగ్గర కూర్చుంటే బేరాలు, సర్దడాలు, నిచ్చెనెక్కి బిందెలు దించడాలు అన్నీ ఆమే చూసుకునేది. యాభై దాటాక మడమలు పట్టేశాయి. పొద్దున్నే మంచం దిగి అడుగు వెయ్యాలంటే కళ్లల్లో నీళ్లు తిరిగేవి.

ఆదివారాలు కల్యాణ మండపంలో పాల్ రాజు అనే ఆక్యుపంక్చర్ డాక్టరు సూదులు వేస్తాడని ఎవరో చెప్పారు. భోజనాల హాల్లో గుండ్రంగా పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు. అందరికీ వరసగా సూదులు గుచ్చి, నలభై నిమిషాలు కదలకుండా కూర్చోబెడతాడు. మొదటి వారం ఆమె పదిహేను నిమిషాలకే, ఫోన్ మోగిందని లేచింది. పాదంలో సూది వంగింది.

"ఏంది పెద్దమ్మా, అంగడి ఎక్కడికీ పోదు, కూచో," అని డాక్టరు కసిరాడు.

రెండో వారం ఆమెకు సూదులు వేయడం అయ్యాక రైతు కుటుంబానికి చెందిన ఒకామె వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. "మాలకొండమ్మ, మోకాళ్లు సార్," అని పేరు రాయించింది. ఆ గొంతు వినగానే దుర్గాంబ ఆమెను గుర్తుపట్టింది.

మూడేళ్ల కిందట అంగట్లో రాగి చెంబు ఒకటి కనపడలేదు. దుర్గాంబ నేరుగా, సామాన్లు కొనడానికొచ్చిన ఈమెనే పట్టుకుని, అందరి ముందు సంచి బోర్లించింది. పచ్చిమిరపకాయలు, మందుబిళ్లలు నేలమీద పడ్డాయి. చెంబు లేదు. సాయంత్రం అది పై అరలో, డబ్బాల వెనక దొరికింది. ఆ సంగతి దుర్గాంబ తన భర్తకు కూడా చెప్పలేదు.

ఇప్పుడు లేచి పోదామంటే రెండు కాళ్లకీ సూదులు. గోడ గడియారం చూసింది. ఆరు నిమిషాలే అయింది. పక్కకు చూడకూడదనుకుంది, చూసింది. మాలకొండమ్మ కళ్లు మూసుకుని ఉంది. గుర్తుపట్టలేదేమో. పట్టిందేమో. ఈసారి చూస్తే తొమ్మిది నిమిషాలు. ఇక తట్టుకోలేకపోయింది.

"అక్కా, ఆ చెంబు ఆ దినమే దొరికింది," అంది గొణుగుతున్నట్టు.

మాలకొండమ్మ కళ్లు తెరవలేదు. "నేను తియ్యలేదని నాకు ఆ దినమే తెలుసు కదమ్మా."

"నన్ను గుర్తుపట్టినావా?"

"వచ్చేటప్పుడే పట్టినా. ఈ కుర్చీ ఒకటే ఖాళీ ఉండె, కూచున్నా."

"తప్పు చేసినాను. క్షమించు."

"నాకెందుకు చెప్తావు? ఆ దినం మా కోడలు వెన్నెల నా పక్కనే ఉండె. పెండ్లయి నెల కాలేదు. అత్త సంచి అట్ల బోర్లిస్తుంటే చూసింది. చెప్తే దానికి చెప్పు."

సూదులు తీశాక దుర్గాంబ వాళ్ల ఊరి పేరు అడిగి తెలుసుకుంది.

మర్నాడు దుర్గాంబ అంగడి భర్తకు వదిలి, ఎక్కడికని అడిగినా చెప్పకుండా ఆటో ఎక్కింది. దారిపొడుగునా, వెనక్కి తిప్పమందామా అని మూడుసార్లు అనుకుంది. ఊళ్లో ఇల్లు అడుగుతూ పోతే, వాకిట్లో కందులు చెరుగుతూ వెన్నెల కనిపించింది.

దుర్గాంబ నిలబడే జరిగినదంతా చెప్పింది. వెన్నెల చాట కింద పెట్టింది.

"ఆ మాట ఇక్కడ కాదు, మీ అంగట్లో చెప్పాల. అందరూ ఉన్నప్పుడు."

దుర్గాంబ సరేనంది.

"శనివారం సంతకు వస్తారు కదమ్మా. అత్తాకోడళ్లు ఇద్దరూ రాండి. చెప్తా."

శనివారం వాళ్లు వచ్చారు. అంగడి నిండా జనం ఉన్నారు. దుర్గాంబ నిచ్చెన దిగి, ఆ చెంబు ఆ దినమే పై అరలో దొరికిందని, మాలకొండమ్మ తియ్యలేదని అందరి ముందు చెప్పింది.