పొదిగే కోడితో ఇల్లు మారాం

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొన్నాళ్లపాటు అందరూ గుసగుసగానే మాట్లాడుకున్నారు. ఇల్లు మారిన కొత్తలోని సంగతి ఇది. ఇల్లు మారేటప్పుడు ఎవరింట్లోనైనా గొంతులు లేస్తాయి. మా ఇంట్లో దిగిపోయాయి. దానికి కారణం నాన్న వాళ్ల అమ్మ, అంటే మా అవ్వ. ఇంకో కారణం ఆమె ఒడిలో కూర్చుని వచ్చిన నల్లకోడి.

అప్పటిదాకా మేం అమరచింతలో ఉండేవాళ్లం. మా వాకిలి గోడకు అవతల పక్కింటివాళ్ల మగ్గాలు పొద్దున మొదలైతే పొద్దుగూకేదాకా టకటకలాడుతూ ఉండేవి. ఆ గోడ వారగానే అవ్వ కోళ్ల గంప. ఆ ఏడు నాన్నకు వనపర్తిలో ఒక బట్టల దుకాణంలో పని దొరికింది. అమ్మకు ఊరు వదలడం ఇష్టం లేదు. నాకూ లేదు గానీ, అద్దె ఇంటి సందు చివర గ్రంథాలయం ఉందని నాన్న చెప్పాడు. ఆ ఒక్క మాటకు లొంగిపోయాను. నలుగురిలో నోరు పెగలని పిల్లకు, నోరు విప్పకుండా ఎంతసేపైనా కూర్చోగల చోటు ఒకటి ఉందంటే అంతకన్నా ఏం కావాలి?

బయలుదేరే నాటికి నల్లకోడి పొదగ కూర్చుని వారం దాటింది.

"పొదిగే కోడిని ఎవలన్న కదుపుతరా అత్తా? గుడ్లన్ని మురిగిపోతయి. పక్కింటోళ్లకు ఇచ్చి పోదం" అంది అమ్మ.

"మనం పోతుంటె అది మాత్రం ఎందుకుంటది" అంది అవ్వ. గడ్డి, గుడ్లు, కోడి ఎలా ఉన్నవి అలాగే ఉండగా గంపను ఎత్తి, పైన ఇంకో గంప బోర్లించి, పాత చీర చుట్టి, ట్రాక్టర్లో సామాన్ల మధ్య ఒడిలో పెట్టుకుని కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా గంపను రెండు చేతులా పైకి లేపి పట్టుకునేది. ఆమె నడుం అదిరేది గానీ గంప అదరలేదు.

అమ్మ ఒడిలో పాలగిన్నె ఉంది. కొత్త ఇంట్లో మా ఊరి బర్రె పాలే పొంగాలని ఆమె పట్టు. ఎండ మండిపోతోంది. దారిలో ట్రాక్టరు టైరు గాలి పోయి చాలాసేపు ఆగాం. వనపర్తి చేరి పొయ్యి ముట్టించి గిన్నె పెడితే పాలు పొంగలేదు, విరిగిపోయాయి. అమ్మ ఆ గిన్నెలోకే చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత ఏదీ కుదరలేదు. బీరువా గుమ్మంలో పట్టలేదు. నీళ్ల మోటరు తిరగలేదు. వంటసామాను మూట ఏ మూట కింద ఉందో ఎవరికీ తెలియదు.

"చెప్తనే ఉన్న, ఈ ఇల్లు మనకు అచ్చిరాదు. మర్లిపోదం పా" అని అమ్మ.

"పాలు ఇరిగినయని పని ఇడిసిపెట్టి పోతమా? ఊర్లె నవ్వుతరు" అని నాన్న.

ఇద్దరి గొంతులూ సందులోకి వినబడుతున్నాయి. నేను మూటల వెనక ముడుచుకుని కూర్చున్నాను. వచ్చేటప్పుడు ట్రాక్టరు మీంచి చూసిన గ్రంథాలయం నీలం తలుపు కళ్ల ముందు మెదులుతోంది. దాని లోపలికి పోకుండానే వెనక్కి పోతామేమో అనిపించింది.

అప్పుడు అవ్వ వెనక వసారాలోంచి పెదవుల మీద వేలు పెట్టుకుని వచ్చింది.

"జర మెల్లగ మాట్లాడుండ్రి. కోడి లేచి నిలవడ్డది. గిట్ల లొల్లి జేస్తె గుడ్ల మీద కూసోదు."

ఇద్దరూ ఆగిపోయారు. అవ్వ అమ్మ దగ్గరికి వచ్చి గిన్నె అందుకుంది. "పాలు ఎండకు ఇరిగినయి బిడ్డా, దాంట్ల ఇల్లు చేసిన తప్పేముంది? కోడి సంగతి చూద్దం. గుడ్లు మురిగిపోతె అందరికన్న ముందుగాల నేనే ట్రాక్టరెక్కుత. పిల్లలైతె ఈడనె ఉందం. అప్పటిదాంక పోదమన్న మాట ఎత్తొద్దు. గట్టిగ మాట్లాడొద్దు."

గుడ్లు ఎలాగూ మురిగిపోతాయన్న ధీమాతో అమ్మ ఒప్పుకుంది. అమ్మ ఒప్పుకున్నందుకు నాన్న ఒప్పుకున్నాడు. నా నీలం తలుపు అలా కొన్ని కోడిగుడ్ల కిందికి చేరింది.

సాయంత్రానికి కోడి కూర్చుంది. మా గుసగుసలు మొదలయ్యాయి.

గొంతు పెంచకుండా పోట్లాడటం ఎంత కష్టమో అప్పుడు చూశాను. "పోపుల డబ్బా ఏడ వెట్టినవ్" అని నాన్న మీద విరుచుకుపడబోయి, అమ్మ గంపవైపు చూసి, అదే మాటను గాలిలా వదిలేది. అంత మెల్లగా అన్నాక అందులో కోపం మిగిలేది కాదు. నాన్న కూడా మెల్లగా, "ఏమో, ఎదుకుదం ఉండు" అనేవాడు. ఇద్దరూ కలిసి వెతికేవారు.

ముందు భాగంలో ఇల్లుగలామె ఉండేది. ఆమెను మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లం. పెద్ద గొంతు ఆమెది. మోటరు బాగుచేసేవాణ్ని పిలిపించానని చెప్పడానికి కేకేస్తూ వస్తే అవ్వ వేలు చూపించి ఆపింది.

"ఏంది అవ్వా, పసిపిల్ల పండుకుందా?"

"కాదమ్మ, కోడి పొదుగుతుంది."

ఖాలా వంగి చూసింది. "ముందుగాల చెప్పొద్దా? మా ఇంటాయనకు గూడ చెప్త. ఆయన దగ్గితె బజారు దాంక ఇనవడ్తది" అని గాజులు చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని వెళ్లింది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా అలాగే వచ్చేది.

నాకైతే అవి పండుగ రోజులు. నా గొంతెప్పుడూ గుసగుసే. "ఏందే, జర గట్టిగ చెప్పు" అని జీవితమంతా అనిపించుకున్నదాన్ని. ఆ రోజుల్లో ఇల్లంతా నా గొంతుతో మాట్లాడింది. నేను చెప్పినవి మొదటిసారే అందరికీ వినబడ్డాయి.

తాడిపత్రి పట్టా కప్పుకుని వాకిట్లో నిలబడ్డ బీరువాను ఒకనాడు తలుపు రెక్క ఊడదీసి లోపలికి తెచ్చారు. ఇద్దరు హమాలీలు, నాన్న కలిసి ఎత్తారు. "జరుపు", "వంచు", "ఆగు" అన్నీ గుసగుసే. మధ్యలో బీరువా అంచుకూ ద్వారబంధానికీ నడుమ నాన్న బొటనవేలు పడింది. ఆయన నోరు బారెడు తెరిచాడు. గంపవైపు చూశాడు. తర్వాత ఎంతో మర్యాదగా, "అమ్మా" అని మెల్లగా అన్నాడు.

అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని గోడకు చేరగిలబడింది. భుజాలు ఊగిపోతున్నాయి. ఏడుస్తోందేమోనని దగ్గరికి పోయాను. నవ్వుతోంది. వనపర్తి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. "కోడికి గింత భయపడే ఇల్లు నేనెన్నడు చూడలేదన్నా" అన్నాడు ఒక హమాలీ, అతనూ గుసగుసగానే.

కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున అమ్మే నన్ను లేపింది. గంపలోంచి సన్నగా కిచకిచలు. రెండు గుడ్లు మురిగిపోయాయి. మిగతావన్నీ పిల్లలయ్యాయి. నల్లకోడి రెక్క కింది నుంచి పసుపు పచ్చని తల ఒకటి బయటికి వచ్చి మా వంక చూసి మళ్లీ లోపలికి పోయింది. అమ్మ చెంబు అందుకుంది. ఖాలా ఇంటికి వెళ్లి చెంబెడు పాలు అడిగి తెచ్చి పొయ్యి మీద పెట్టింది. పాలు గిన్నె అంచు దాటి నురగలు కక్కుతూ పొంగాయి.

ఆ రోజే నాన్న నన్ను నీలం తలుపు దాటించాడు. అక్కడినుంచి తెచ్చుకున్న పుస్తకం పట్టుకుని వసారాలో అవ్వ పక్కన కూర్చున్నాను. సందులో పిల్లలు అరుస్తూ ఆడుతున్నారు. కోడి చెవిన పెట్టడం లేదు. అప్పుడు నాకు అమరచింత గోడ గుర్తొచ్చింది.

"అవ్వా, మన ఊర్లె మగ్గాల పక్కకే పొదిగేది గద. గంత చప్పుడుకు ఎన్నడు బెదరలేదు గద."

అవ్వ పిల్లలకు నూకలు చల్లుతూ, "బెదిరింది కోడి కాదు బిడ్డా" అంది. "మీ అమ్మా నాయిన జర బెదిరిండ్రు. ఏం జేస్తం మరి, వాళ్ల మీద గంప బోర్లియ్యరాదాయె."

ఆ మాటను ఆ సాయంత్రమే రాసిపెట్టుకున్నాను. డైరీ రాయడం నాకు అలా మొదలైంది.

ఈ మధ్య ఉద్యోగం కోసం నాగర్‌కర్నూల్ వచ్చి ఒక గది తీసుకున్నాను. కుళాయి రాదు, స్విచ్చు పనిచేయదు, తాళం పట్టదు. గదిలో నాతోపాటు ఉండే అక్క మొదటిరోజే విసిగి గొంతు పెంచింది. నేను బజారుకు పోయి ఒక గంప కొనుక్కొచ్చి మూలన బోర్లించాను. కింద ఏముందని అక్క అడిగింది. మెల్లగా మాట్లాడమని పెదవుల మీద వేలు పెట్టుకున్నాను.