వాహెద్ సార్ బల్ల మీది నోటుపుస్తకాలు

వృక్షశాస్త్ర అధ్యాపకులు అబ్దుల్ వాహెద్ సార్ ఇక లేరన్న దుర్వార్త మొన్న కామారెడ్డి బస్టాండులో విన్నాను. ఎల్లారెడ్డి నుంచి వస్తూ బస్సులోనే కన్నుమూశారట. నేను ఎక్కవలసిన బస్సు కళ్లముందే వెళ్లిపోయింది.

పధ్నాలుగేళ్లు ఆయన నాయకత్వంలో పనిచేసినవాణ్ణి. ఆయన సౌజన్యాన్ని మాత్రమే స్మరిస్తే అది అర్ధసత్యం. దాని వెనుక ఆయనలో మానని అపరాధవేదన ఒకటి ఉంది.

డెబ్బైల చివర మా కళాశాలలో చెరుకు ఎర్రకుళ్లు తెగులుపై పరిశోధన సాగేది. అప్పటి విభాగాధిపతి గొప్ప విద్వాంసుడు, అంతే కఠినుడు. ఎవరు ఏది కనిపెట్టినా ఆయనొక్కరికే చెప్పాలి. పక్కవారితో చర్చించినవారికి బృందంలో చోటుండేది కాదు. ప్రయోగపు మడిలో నాటే ముచ్చెలకు, అంటే విత్తనపు చెరుకు ముక్కలకు, తెగులు సోకిందని వాహెద్ సార్ గుర్తించి ఆయనకు నివేదించారు.

"నేను చెప్పేదాకా నోరు విప్పకు" అన్నారాయన.

ఈ సంగతి తెలియని సహోద్యోగి అవే ముచ్చెలను ఎల్లారెడ్డి రైతు బాలవ్వకు ఇచ్చాడు. బండికెత్తుతుంటే సార్ చూశారు. ఉద్యోగభయంతో మౌనం వహించారు.

తోటంతా కుళ్లిపోయాక బాలవ్వ కళాశాలకు వచ్చింది.

"ముచ్చెలకు రోగమున్నదని నీకు ఎర్కేనా సారూ?"

"ఎర్కే అవ్వా."

"మరి ఒక్క మాట చెప్తే నీ నోరు పోతుండెనా?"

ఆ ఏడే ఆమె బొంబాయికి కూలికి పోయింది. మళ్లీ రాలేదు.

తాను విభాగాధిపతి అయిన రోజున సార్ అల్మారాలోని పరిశీలన పుస్తకాలన్నీ పొడుగుబల్ల మీద పరిచి పెట్టించారు. "తప్పు రాసినా ఏం గాదు, దాచకుండ్రి. ఒకరిది ఒకరు చదువుండ్రి" అన్నారు. ప్రతి శనివారం ముందు తన పొరపాట్లే చదివి వినిపించేవారు. ఆ తర్వాత మావి చెప్పుకోవడానికి మాకు సిగ్గనిపించేది కాదు.

అయినా నేను దాచాను. భిక్నూర్ తోటలో తెగులును తట్టుకున్న రకం ఒకటి కనిపిస్తే, వ్యాసంలో నా పేరే ముందుండాలన్న దురాశతో నెలరోజులు పుస్తకంలోకి ఎక్కించలేదు. తెలిసినా సార్ కోప్పడలేదు. నన్ను ఎల్లారెడ్డి తీసుకుపోయి, కంపచెట్లు మొలిచిన ఒక బీడు ముందు నిలబెట్టారు. అది బాలవ్వ తోట; ఆమె సంగతి సార్ నాకు చెప్పింది అప్పుడే.

"నేను మాట్లాడకపోతే గీ పొలం గిట్లైంది" అన్నారు. ఆయన కంట నీరు చూసింది ఆ ఒక్కసారే. మరునాడు నా కాగితాలు బల్ల మీద పెట్టాను. అచ్చయిన వ్యాసంలో ఆయన తన పేరు చివర రాసుకున్నారు.

ఆ మహనీయునికి మట్టి ఇచ్చి వచ్చిన మరునాడు డోంగ్లి నుంచి ఒక రైతు మచ్చలుపడ్డ చెరుకాకు తెచ్చాడు. "సార్ లేడా? ఆయనైతే చూడంగనే చెప్పేటోడు" అన్నాడు.

విభాగంలో మిగిలిన ముగ్గురం కలిసి చూశాం. పుస్తకాలన్నీ తిరగేశాం. తెలిసినదంతా ఒకరికొకరం చెప్పుకున్నాం. అది చాలలేదు.

"మాకు తెల్వదన్నా" అన్నాను. ఆ నిజం చెప్పగలగడం వరకు ఆయన నేర్పారు. రైతు ఆకును తువ్వాలలో చుట్టుకుని వెళ్లిపోయాడు.