సుభాని నడుము, రెండు స్ప్రింగుల సైకిల్

2003 జూన్ నెల. ప్రత్తిపాడు సెంటరులో, గుంటూరు రోడ్డు మీద నా సైకిల్ కొట్టు ఉండేది. పెట్టి అప్పటికే ఇరవై ఏళ్లు దాటింది. తొలకరి జల్లులు రెండు పడ్డాయి. పత్తి విత్తనాల కొట్ల ముందు జనం మూగుతున్నారు, నా కొట్టు ముందు ఈగలు మూగుతున్నాయి. విత్తనాలు కొనే నెలలో సైకిల్ కొనేవాడు మా వైపు ఉండడు. అలాంటి రోజుల్లో నేను బేరింగులు కిరసనాయిల్లో కడుక్కుంటూ, మధ్యమధ్య డైరీ రాసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఈ సంగతి కూడా ఆ డైరీ పక్కన పెట్టుకునే రాస్తున్నాను.

అంతకు ముందు నేను అమ్మినవన్నీ నల్లరంగు పెద్ద సైకిళ్లే. తొంభైల చివర్లో మౌంటెన్ బైకులు వచ్చాయి. మా పల్లపు నేలలో ఎక్కడానికి కొండ లేదు, ఉన్న ఎత్తల్లా కాలవ కట్టే. అయినా అందరికీ అవే కావాల్సి వచ్చాయి. వాటిలో రెండు రకాలు. ముందు ఫోర్కులో మాత్రమే స్ప్రింగులు ఉండి వెనక ఫ్రేము కదలనిది హార్డ్‌టెయిల్. ఫుల్ సస్పెన్షన్‌లో వెనక చక్రాన్ని పట్టుకునే సగం ఫ్రేము కూడా విడిగా ఉండి, పివట్ అనే ఇరుసు మీద పైకీ కిందికీ ఆడుతుంది. సీటు కింద, ఫ్రేము నడుమ ఒక లావుపాటి స్ప్రింగు కనిపిస్తుంది. ఈ పేర్లు మా ఊళ్లో ఎవరి నోటికీ పట్టలేదు. సింగిల్ స్ప్రింగు, డబుల్ స్ప్రింగు అన్నారు. రెండు ఒకటి కన్నా ఎక్కువ కాబట్టి డబుల్ స్ప్రింగే గొప్పదని తీర్మానం కూడా అయిపోయింది.

ముందటేడు ఒక మిరప రైతు నా మాట వినకుండా డబుల్ స్ప్రింగు కొన్నాడు. దానికి వెనక క్యారియరు బిగించే చోటు ఉండదు. ఆయన వెల్డింగు షాపుకు తీసుకెళ్లి, ఆడే భాగం మీదే క్యారియరు అతికించుకున్నాడు. మిరపకాయల టిక్కీ, అంటే బస్తా, ఎత్తగానే వెనక భాగం కుంగిపోయింది. తుమ్మచెక్క ఒకటి చెక్కి స్ప్రింగు పక్కన దిగగొట్టి, ఆ పనితనం చూపించడానికి నా దగ్గరికి వచ్చాడు.

"చూడండి, ఇప్పుడు కదల్దు. బండరాయి!"

"దీన్నే సింగిల్ స్ప్రింగు అంటారండి. మొదట మీకు చూపించింది అదే," అన్నాను.

"అయితే నాదాంట్లో రెండూ ఉన్నాయన్నమాట," అని నవ్వుకుంటూ పోయాడు.

సుభాని వచ్చింది ఆ మరుసటి ఏడు, నేను చెప్తున్న ఈ జూన్‌లో. స్ప్రేయర్ మెకానిక్. పత్తికి, మిరపకు మందు కొట్టే పంపులు బాగుచేస్తాడు. ఆ పనిలో మెకానిక్ కొట్లో కూర్చుంటే సాగదు. చేలో మందు కలుపుకున్నాక పంపు ఆగిపోతే, రైతు దాన్ని వీపున వేసుకుని ఊళ్లోకి రాడు, మనిషిని పంపి మెకానిక్‌నే పిలిపిస్తాడు. ఎవడు ముందు చేరితే వాడిదే పని. సుభాని పెదనందిపాడు రోడ్డు పొడుగునా ఇరవై ఏళ్లుగా సైకిల్ మీద తిరుగుతున్నాడు. వెనక క్యారియరు మీద రేకు పెట్టె, అందులో పానాలు, వాషర్లు, నాజిల్స్.

ఆ రోజు సైకిల్ ఎక్కి రాలేదు, నడిపించుకుంటూ వచ్చాడు. పక్కన భార్య మస్తాన్‌బీ.

"ఏం సుభానీ, పంచరా?"

"పంచరు సైకిల్‌కి కాదన్నా, నాకు," అని నడుము మీద చెయ్యి పెట్టుకున్నాడు.

విషయం మస్తాన్‌బీ చెప్పింది. పోయిన సీజను చివర్లో నడుము పట్టేసింది. గుంటూరులో ఎముకల డాక్టరు ఫొటో తీయించి, వెన్నులో డిస్కు జరిగిందని, కుదుపులు తగలకూడదని చెప్పాడు. కుదిరితే సైకిల్ మానేయమన్నాడు. గుంటూరులో పంపులమ్మే షాపువాళ్లు సుభానిని తమ దగ్గర కూర్చుని రిపేర్లు చెయ్యమంటున్నారు. ఈ సీజను తిరగలేకపోతే అదే గతి.

"స్టూలు మీద కూచుని, ఎవడో తెచ్చిన పంపు విప్పడం నా వల్ల కాదన్నా," అన్నాడు సుభాని. "చేలో నిలబడి మందు పడ్డం చూస్తేనే నాకు పంపు రోగం తెలిసిద్ది."

"అందుకే డబుల్ స్ప్రింగు కొందామని వచ్చాం అన్నయ్యగారూ," అంది మస్తాన్‌బీ. "అందరూ అదే మెత్తగా ఉంటదంటున్నారు. మీరు వేరేది చెప్పొద్దు."

నేను ఏ సైకిల్ అమ్మినా ముందు రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి. దారి ఎలాంటిది, బరువు ఎంత. దారి సగం కంకర, సగం నల్లరేగడి డొంక. బరువు రేకు పెట్టె. డబుల్ స్ప్రింగుకు క్యారియరు ఉండదమ్మా, పెట్టె ఎక్కడ పెడతారని అడిగాను. భుజానికి తగిలించుకుంటాడు అంది. ఆ జవాబు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వచ్చినట్టుంది.

మాటల మీద అమ్మడం నాకు నచ్చదు. కొట్టు వెనక నుంచి పత్తి జిన్నింగు మిల్లు దాకా కంకర రోడ్డు ఉంది. కొత్త సైకిల్ ఏదైనా ఆ రోడ్డు మీద తొక్కి చూసి కొనుక్కోమనేవాణ్ణి. డబుల్ స్ప్రింగు తీసి ఇచ్చాను. సుభాని మిల్లు దాకా పోయి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"పల్లకీ అన్నా, పల్లకీ!"

"చూశారా!" అంది మస్తాన్‌బీ నా వైపు తిరిగి.

"ఇప్పుడు పెట్టె తగిలించుకుని వెళ్లు," అన్నాను.

ఈసారి మిల్లు దాకా పోలేదు. సగం దారిలో దిగి నడిపించుకుంటూ వచ్చాడు. ఆ ధరలో వచ్చే డబుల్ స్ప్రింగులో ఒక గుణం ఉంది. గట్టిగా తొక్కిన ప్రతిసారీ స్ప్రింగు నొక్కుకుని లేస్తుంది, మనిషి గుర్రం మీద ఊగినట్టు ఊగుతాడు. ఒంటరిగా ఉంటే అది సరదాగానే ఉంటుంది. భుజాన ఇనుప సామాను వేలాడుతుంటే మాత్రం ప్రతి ఊపుకీ పెట్టె ఒక పక్కకు లాగుతుంది, నడుము రెండో పక్కకు లాగాలి.

హార్డ్‌టెయిల్ తీశాను. దాని వెనక ఫ్రేము కదలదు కాబట్టి గట్టి క్యారియరు బిగించవచ్చు. బిగించి, పెట్టె కట్టి పంపాను. మిల్లు దాకా పోయి వచ్చాడు కానీ, దిగేటప్పుడు పళ్లు బిగపట్టాడు. ముందు చేతులకు కుదుపు తెలియలేదట, వెనక నుంచి మాత్రం ప్రతి రాయీ నడుములోకే వచ్చిందట.

సుభాని కొట్టు అరుగు మీద మెల్లగా కూర్చుని, "పోనీలే అన్నా, స్టూలు మెత్తగా ఉంటదిలే," అన్నాడు. మస్తాన్‌బీ డబుల్ స్ప్రింగు హ్యాండిల్ పట్టుకుని నిలబడింది. "ఇదే తీసుకుందాం," అంది నెమ్మదిగా. "పెట్టె నేను మోసుకొస్తా."

"నువ్వెట్టా వస్తావే?"

"బస్సులో."

"బస్సు పత్తి చేలోకి వచ్చిద్దా? దిగి డొంకలో నువ్వు నడిచొచ్చేసరికి రైతు మందు పారబోసి ఇంటికి పోయి ఉంటాడు."

ఆ మాటల మీద అడిగితే అప్పుడు తెలిసింది నాకు. పోయిన సీజను చివరి రెండు నెలలు ఆవిడ కూడా సైకిల్ వెనక కూర్చుని చేలకు వెళ్లింది. నడుము పట్టేశాక సుభాని వంగలేడు, పంపు ఎత్తలేడు. నీళ్లు నింపిన పంపు ఎత్తేది, పట్టుకునేది ఆవిడే. పెట్టె ఒళ్లో పెట్టుకుని క్యారియరు మీద కూర్చునేది. డబుల్ స్ప్రింగు కొంటే చోటు లేకుండా పోయేది పెట్టెకు మాత్రమే కాదు. ఆ సంగతి తెలిసే ఆవిడ అదే ఇమ్మని పట్టుబట్టింది.

నేను సుభాని పాత సైకిల్ దగ్గరికి పోయాను. వెనక టైరు బొటనవేలితో నొక్కాను. వేలు దిగలేదు.

"గాలి ఎవరు కొట్టారు?"

"నేనే అన్నా. రోజూ పొద్దున్నే కొడతా," అన్నాడు గర్వంగా. "గట్టిగా ఉంటే తుమ్మముల్లు దిగదు. అయినా మందు పంపులో ప్రెషర్ తగ్గితే రైతు ఊరుకుంటాడా? సైకిల్ టైరైనా అంతేగా!"

మా వైపు టైరుకు గాలి రాయిలా కొట్టడం అందరికీ ఉన్న అలవాటే. ముల్లు దిగదని ఒక నమ్మకం, బరువు మోస్తుందని ఇంకో నమ్మకం. సుభానికి దాని మీద వృత్తి అలవాటు తోడైంది. పంపు ట్యాంకులో గాలి బిగిస్తేనే మందు మంచులా పడుతుంది. ఇరవై ఏళ్లు ఆ పని చేసిన చెయ్యి, టైరునూ అలాగే బిగించింది. కొత్త సైకిల్ ఎక్కేముందు కూడా నా పంపు అడిగి, దాని టైర్లనూ అలాగే బిగించి వెళ్లాడు. నేను చూసి కూడా పట్టించుకోలేదు, ఊళ్లో అందరూ చేసేదే కదా.

హార్డ్‌టెయిల్ వెనక టైరులో గాలి కొంత తీశాను. బొటనవేలు గట్టిగా నొక్కితే కొద్దిగా దిగాలి, మనిషి కూర్చుంటే రిమ్ము నేలకు తగలకూడదు. అది నా కొలత. లావు టైరు కాబట్టి ఆ మెత్తదనం ఓర్చుకుంటుంది.

"అయితే నా పాతదాంట్లోనే గాలి తీస్తే పోలా? కొత్తదెందుకు?" అన్నాడు సుభాని.

మంచి ప్రశ్నే. ఆ సన్న టైరులో గాలి తీస్తే రాయి నేరుగా రిమ్ముకు తగిలి ట్యూబు తెగుతుందని చెప్పాను. దానికి ముందు వైపు స్ప్రింగూ లేదు. తుమ్మముళ్ల కోసం, పాత టైరు ఒకటి అంచులు కోసి కొత్త టైరు లోపల పట్టీలా పరిచాను. తర్వాత సీటు చూశాను. రేగడిలో జారితే రెండు కాళ్లూ ఆనాలని కొత్తదాన్ని కూడా కిందికంటా దించుకున్నాడు. సీటు అంత కింద ఉంటే మోకాళ్లు పైకి లేచి, బరువంతా నడుం మీద కూర్చుంటుంది. నాలుగు వేళ్లు పైకి లేపి బిగించి, గుంత వచ్చినప్పుడు పెడళ్ల మీద నిలబడి సీటు వదిలెయ్యమన్నాను. పెట్టెలో సామాను పాత గోనెసంచిలో పోసి ఫ్రేము మధ్య ఖాళీలో కట్టాను. డబుల్ స్ప్రింగులో ఆ ఖాళీలోనే స్ప్రింగు ఉంటుంది, సంచికి చోటు చిక్కదు.

"ఇప్పుడు నువ్వు కూడా కూర్చో అమ్మా," అన్నాను.

"నేనెందుకు అన్నయ్యగారూ, నడుము ఆయనది కదా."

"సీజన్లో వెనక కూర్చునేది నువ్వేగా. ఎక్కు."

ఇద్దరూ వెళ్లారు. కంకర మీద ఆయన ఒకసారి నిలబడటం, ఆవిడ సీటు పట్టుకోవడం దూరానికి కనిపించాయి. మిల్లు గేటు దాకా పోయి తిరిగి వచ్చారు. నేను సుభాని ముఖం వైపే చూస్తున్నాను కానీ, ముందు మాట్లాడింది మస్తాన్‌బీ.

"పోయినేడు పళ్లు టకటకా కొట్టుకునేవి అన్నయ్యగారూ. ఇప్పుడు కొట్టుకోలేదు."

"పోయినేడు చెప్పలేదేం మరి?" అన్నాడు సుభాని.

"చెపితే దిగి నడవమనేవాడివి."

సుభాని సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి, టైరును బొటనవేలితో నొక్కి చూశాడు. "మెత్తగా ఉందన్నా. చూస్తుంటే చెయ్యి జివ్వుమంటోంది, నాలుగు దెబ్బలు కొట్టాలనిపిస్తోంది."

"పంపు ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా," అంది మస్తాన్‌బీ. సైకిల్ పంపు ఆ రోజు నుంచి ఆవిడ చేతికి వెళ్లింది.

అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. ఆగస్టులో ముసురు పట్టినప్పుడు రేగడి మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం ఆగిపోయింది, మడ్‌గార్డులు విప్పేశాను. నడుము నొప్పి పూర్తిగా పోలేదు. నెలకు నాలుగైదు రోజులు ఇంట్లోనే పడుకునేవాడు. కానీ గుంటూరు స్టూలు మాట మళ్లీ ఎత్తలేదు. గోనెసంచి స్థానంలో మస్తాన్‌బీ టార్పాలిన్ పట్టాతో మూడు మూలల సంచి కుట్టింది, ఫ్రేములో అచ్చు గుద్దినట్టు సరిపోయేది. పత్తి తీతలు మొదలైన రోజుల్లో ఇద్దరూ కొట్టు ముందు ఆగారు. ఒంటినిండా మందు వాసన.

"అన్నా, ఊళ్లో అందరికీ డబుల్ స్ప్రింగే కొన్నానని చెప్తున్నా," అన్నాడు సుభాని. "ఒకటి ముందుంది, రెండోది వెనక కూర్చుంది."

"స్ప్రింగైతే నోరు మూసుకుని ఉంటది. గుంత వచ్చిందని అరిచేదెవరు?" అంది ఆవిడ వెనక నుంచి. "ముందు చూసి తొక్కు."

హార్డ్‌టెయిలా, ఫుల్ సస్పెన్షనా అని ఆ తర్వాత చాలామంది అడిగారు. ఒంటరిగా, బరువు లేకుండా, సరదాకు తొక్కేవాళ్లకు డబుల్ స్ప్రింగు నేనే చేతికిచ్చాను. ఆ రోజు సుభాని పల్లకీ అన్న సైకిల్‌ను కూడా ఒక కాలేజీ లెక్చరరు కొనుక్కుని, పొద్దున పూట షికారుకు తొక్కి సంతోషించాడు. కానీ నేను అడిగే రెండు ప్రశ్నలకు మూడోది చేరింది: వెనక ఎవరు కూర్చుంటారు? కొట్టు మూసేసేదాకా తొక్కి చూసే సైకిల్‌కు క్యారియరు బిగించే ఉంచాను. కొనేవాడు ఒక్కడే వస్తే, ఇంటికి వెళ్లి ఆ రెండో మనిషిని కూడా తీసుకురమ్మనేవాణ్ణి. ఇద్దరూ మిల్లు దాకా పోయి వచ్చాక, వెనక దిగిన మనిషిని ముందు అడిగేవాణ్ణి.