ఏడు మిల్లీమీటర్లు

ఆ రోజు ధర్మపురిలో మా మామ వడ్రంగి కొట్టులో ఉన్నవి: పన్నెండు కొత్త యుకులేలెలు, కంపెనీ నమూనా ఒకటి, నా స్టీలు స్కేలు. ఉన్నవాళ్లు: మామ, నేను, సేలం డిస్ట్రిబ్యూటరు.

ఆ నాలుగు తీగల చిన్న గిటారుకు పన్నెండో మెట్టు తీగ పొడవుకు సరిగ్గా నడుమ ఉండాలి. పేరు మోసిన ఆ బ్రాండు నమూనాలో మాత్రం తీగలు కట్టే చెక్కముక్క, బ్రిడ్జిని, ఏడు మిల్లీమీటర్లు వెనక్కి అతికించారు. పాలిటెక్నిక్‌లో చదివిన నేను కొలిచి చెప్పాను. మామ అంతకుముందే, ఎప్పటిలాగే కళ్లు మూసుకుని, బొటనవేలి గోటితో మీటి, తప్పు పట్టేశాడు. తన పన్నెండింటిలోనూ సరిచేశాడు.

డిస్ట్రిబ్యూటరు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"సాంపిల్ మాదిరి చేయమంటే దిద్దినావేం ఆచారీ? ఒక్కటీ వద్దు!"

"ఒకసారి విని చూడండి సార్," అన్నాడు మామ.

"జనం బ్రాండు చూసి కొంటారయ్యా, చెవి పెట్టి ఎవడు కొంటాడు? వచ్చే వారం సాంపిల్ బస్సులో పంపు."

మూడు నెలల పనిని ఆ మనిషి ఒక్కసారైనా మీటి చూడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మామ నమూనా బ్రిడ్జి ఊడదీసి, సరైన చోట అతికించి, ఆరాక కళ్లు మూసుకుని మీటాడు. తర్వాతే బస్సెక్కించాడు.

సరిగ్గా పలికినవి మొత్తం పదమూడు.