నాపరాళ్లకు పెట్టిన బొట్లు

గుప్తనిధుల పిచ్చోళ్లంటే నాకు ఒళ్లుమంట. అందులోనూ మా వీధిలో ఉండే బట్టలంగడి మామంటే మరీ.

జమ్మలమడుగులో పిల్లలకు సైన్సు పాఠాలు చెబుతాను. మైలవరం దాటాక ఒక గుట్ట మీద, నాపరాళ్ల సందుల్లో పిడికెడు మట్టి ఉన్నచోట ఒక పూలమొక్క ఉండేది. చిటికెనవేలి గోరంత ఊదాపువ్వు. లోకంలోనే అంతరించిపోబోయే మొక్కల్లో అదొకటి. తొలకరికి మొలిచి పూస్తుంది. ఎండలు ముదిరితే పైన ఆనవాలుండదు, మట్టిలో దుంప మాత్రం బతికుంటుంది. ఒకవైపు క్వారీ గుట్టను తినుకుంటూ వస్తోంది, ఇంకోవైపు మేకలు. నేను చూసినవి పదకొండే మొక్కలు.

మా వైపు బొట్టు పెట్టిన రాయిని ఎవరూ తొక్కరు. అందుకని వాటి చుట్టూ రాళ్లు పేర్చి, పసుపు పూసి, కుంకుమ పెట్టాను. క్వారీ కూలీలు దండం పెట్టుకుని పక్కనుంచి పోయేవాళ్లు. మేకలు కాసే అక్క మందను అటు రానిచ్చేది కాదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం పోయి చూస్తే అక్కడ నడుములోతు గుంత. ఒక్క మొక్కా లేదు.

"మీ వీధి బట్టలంగడాయప్ప తవ్విచ్చినాడమ్మా. బొట్లుండాయంటే కింద బంగారం ఉంటాదంట," అంది అక్క.

నేరుగా అంగడికే పోయి నిలదీశాను. మామ నవ్వాడు. "గడ్డిమొక్కకు ఇంత యాగీ ఏంది టీచరమ్మా? యాడ చూసినా మొలుస్తాయి."

ఆ నవ్వుకు బదులు తీర్చుకోవాలని వేసవి సెలవుల దాకా కాచుకున్నాను. గుట్ట వెనక వాలు ఎక్కి, గడ్డపార తేలిగ్గా దిగని చోటు వెతికి, చుట్టూ పచ్చని ఆకన్నది లేదని చూసుకుని, మూడు రాళ్లకు పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయలు కోసి వచ్చాను. తవ్వుకో మామా, నీ నడుం విరిగేదాకా తవ్వుకో!

వారం తిరక్కుండానే తవ్వించాడు. ఆత్రం ఆగక తానూ గడ్డపార పట్టాడట. నడుం పట్టేసి ప్రొద్దుటూరు ఆసుపత్రిలో పడ్డాడని తెలిసి, ఆ రోజు ఇంట్లో పాయసం చేశాను. సిగ్గేమీ పడలేదు.

ఆ గుంత చూసి ఇంకాస్త నవ్వుకుందామని మర్నాడు గుట్టకు పోయాను. అక్క అప్పటికే అక్కడుంది, తవ్విపోసిన మట్టిలో ఏదో ఏరుతోంది.

"నీ పూల దుంపలు ఈడ గూడా ఉన్యాయమ్మా. శానా ఉన్యాయి," అని కొంగు విప్పి చూపించింది.

గడ్డపార తగిలి చీలినవి, ఎండకు వడిలి ముడతలు పడినవి. గట్టిగా ఉన్నది ఒక్కటీ లేదు. నడి ఎండాకాలంలో ఆకుల కోసం చూసి ఏమీ లేవనుకున్నాను నేను, సైన్సు టీచరును.

"ఈడ గూడా బొట్లు నువ్వే పెట్టినావా?" అంది అక్క.

కాదన్నాను.

"ఎవురు పెట్టినారో గానీ, వాళ్ల చేతులు పడిపోను!" అని మెటికలు విరిచింది.

మామకు నేను ఇన్నాళ్లూ పెట్టిన శాపనార్థాల్లో ఇంత సూటిగా తగిలింది ఒక్కటీ లేదు.