ఎర్ర టోపీలు, నీలం టోపీలు, మధ్యలో నా నోరు

జర్మనీలో బేస్‌బాల్ ఏమిటని మీరు అడుగుతారు. నేనూ అలాగే అడిగాను. గుంటూరులో నాతోపాటు ఇంజనీరింగ్ చదివిన శ్రీధర్ ఆరేళ్లుగా కైసర్స్‌లౌటర్న్ దగ్గర ఒక చిన్న ఊళ్లో భార్య శ్రావణితో ఉంటున్నాడు. కాలేజీ రోజుల్లో వాడు మా జట్టు ఫాస్ట్ బౌలర్. ఇక్కడికి వచ్చాక క్రికెట్ మైదానం దొరక్క, ఊళ్లో ఉన్న బేస్‌బాల్ జట్టులో చేరాడు. అమెరికన్ సైనిక స్థావరాల పుణ్యమా అని ఆ చుట్టుపక్కల చిన్న చిన్న ఊళ్లలో కూడా ఈ ఆట ఉంది. శ్రీధర్ వాళ్ల జట్టుది ఎర్ర టోపీ, పక్క ఊరి జట్టుది నీలం టోపీ. అక్కడ అందరూ వాళ్లను అలాగే పిలుస్తారు. ఈ రెండు ఊళ్లకూ ఏళ్ల తరబడి పడదు. కరోనా వల్ల పోయినేడాది వాళ్ల లీగ్ అసలు జరగలేదు. ఈ ఆగస్టులో, వచ్చే శనివారం రెండు మ్యాచులు, ఆదివారం ఒకటి. మూడింట్లో రెండు గెలిచిన జట్టు పై లీగ్‌కు వెళ్తుంది. మొదటి మ్యాచ్‌లో ఎర్ర టోపీల తరఫున బంతి వేసేది మావాడే. "రెండేళ్ల నుంచి ఈ ఒక్క రోజు కోసమే చూస్తున్నా రా. ముందే వచ్చి ప్రాక్టీసు చూసి, ఇక్కడి తెలుగువాళ్ల కోసం రాయి. మనవాళ్లు నలుగురన్నా వస్తారు" అన్నాడు ఫోన్‌లో. అలా బయలుదేరాను. వెళ్లకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది గానీ, వెళ్లాను కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పోయిన ఆదివారం తెల్లవారుజామున ఐదు దాటాక నేనుండే లైప్‌జిగ్‌లో ఐసిఇ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒకసారి, మాన్‌హైమ్‌లో ఒకసారి మారాలి. మొత్తం ఐదున్నర గంటలు. రెండు వారాల ముందు కొనడం వల్ల టికెట్ ఒకవైపుకు నలభై యూరోల లోపే పడింది. కానీ అది ఆ రైలుకే చెల్లుతుంది, తప్పిపోతే పోయినట్టే. దారంతా ఎఫ్‌ఎఫ్‌పి2 మాస్కు తీయకూడదు. కాఫీ గుక్కకీ గుక్కకీ మధ్య మాస్కు పైకి లాక్కోమని కండక్టర్ రెండుసార్లు చెప్పి వెళ్లాడు. మాన్‌హైమ్ దాటాక చిన్న రైలు అడవుల మధ్య నుంచి, సొరంగాల్లోంచి వెళ్తుంది. కిటికీ పక్కన కూర్చోండి, నిద్రపోకండి.

కైసర్స్‌లౌటర్న్ స్టేషన్ బయట శ్రీధర్ కారుతో సిద్ధంగా ఉన్నాడు. ఊరు అక్కణ్నుంచి ఇరవై నిమిషాలు. గేరు మార్చిన ప్రతిసారీ వాడి ముఖం కొంచెం ముడుచుకోవడం చూశాను. మూడోసారి అడిగేశాను.

"భుజం రా," అన్నాడు. "నెల నుంచి ఇంతే. ఆటకి ముందు రెండు మాత్రలేసుకుంటే మూడు ఇన్నింగ్స్ లాగేస్తా. ఆ తర్వాత చెయ్యి లేవట్లేదు."

"కోచ్ ఏమంటున్నాడు?"

"చెప్పలేదు. తెలిస్తే డాక్టర్ కాగితం తెమ్మంటాడు, పక్కన కూర్చోబెడతాడు. శ్రావణికి తెలుసు, మానెయ్యమని రోజూ గొడవే. ఇప్పుడు నీకు చెప్పా. రాయబాకు. ఎవరితోనూ అనబాకు."

"నేనెందుకంటానురా!" అన్నాను. రోషంగానే అన్నాను కూడా.

మైదానం ఊరి చివర, లిండెన్ చెట్ల వరస పక్కన ఉంది. గేటు దగ్గర టీకా సర్టిఫికెట్ చూపించి, పేరు, ఫోన్ నంబరు కాగితం మీద రాసి పెట్టెలో వేయాలి. కాఫీ ఒక యూరో. సిరీస్ చూడబోయేవాళ్ల కోసం నేను గమనించినవి కొన్ని చెబుతాను. క్రికెట్ కళ్లతో చూస్తే పిచర్ అంటే పరుగు లేకుండా నిలబడినచోటు నుంచే ఫుల్‌టాస్ వేసే బౌలర్. ఆట ఏడు ఇన్నింగ్స్, అంటే ఒక్కో జట్టుకు ఏడుసార్లు బ్యాటింగ్; పరుగు రావాలంటే నాలుగు బేస్‌లు చుట్టి రావాలి. ఎర్ర టోపీల బలం ఫీల్డింగ్. వాళ్ల షార్ట్‌స్టాప్, అంటే రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ నడుమ నిలబడేవాడు, వృత్తికి వడ్రంగి. నేల మీద పాకే బంతిని ఎత్తి విసరడానికి అతనికి రెప్పపాటు చాలు. నీలం టోపీల బలం బ్యాటింగ్. వాళ్లలో ఐదుగురు ఎడమచేతి వాటం. ఈ మైదానంలో కుడివైపు కంచె దగ్గరగా ఉంటుంది, ఎడమచేతివాళ్లు లాగి కొడితే బంతి నేరుగా చెట్లలో పడుతుంది. అందుకే మొదటి మ్యాచ్‌లో వాళ్లను ఆపగల వేగం ఉన్న పిచర్ కావాలి. ఎర్ర టోపీలకు అలాంటివాడు ఒక్కడే ఉన్నాడు. ఆ ఉదయం శ్రీధర్ వేసిన మొదటి ఇరవై బంతులకు మన వికెట్‌కీపర్ లాంటి క్యాచర్ గ్లవ్ టపాకాయ పేలినట్టు మోగింది. తర్వాత మోత తగ్గింది. కోచ్ మార్కుస్ గమనించలేదు, నేను గమనించాను, అందుకు గొప్పగా కూడా అనిపించింది.

నీలం టోపీల మైదానం పక్కన కరోనా పరీక్షల శిబిరం పెట్టడంతో, ఈ ఏడాది వాళ్లు కూడా ఇక్కడే వంతులవారీగా ప్రాక్టీసు చేస్తున్నారు. ఒంటిగంటకు వీళ్లు సామాన్లు సర్దుతుంటే వాళ్లు వచ్చి పక్క బెంచీల మీద సర్దుకున్నారు. శ్రీధర్ బట్టలు మార్చుకోవడానికి వెళ్లాడు. నేను లైప్‌జిగ్‌లో మా క్రికెట్ జట్టు కెప్టెన్ ఫణికి ఫోన్ చేశాను.

ఇక్కడ మన అలవాటు ఒకటి ఒప్పుకోవాలి. ట్రామ్‌లో, ఆఫీసు క్యాంటీన్‌లో, డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూస్తూ, ఎదుట మనిషిని పెట్టుకుని అతని గురించే తెలుగులో గొంతెత్తి మాట్లాడేస్తాం. తెలుగంటే మనకు నలుగురిలో ఉన్నా తలుపేసుకున్న గది. నేను ఆ గదిలో ఉన్నాననుకుని, నీలం టోపీల మధ్య నిలబడి, నోటికి వచ్చిందల్లా వాగాను. "శ్రీధర్ గాడి పని అయిపోయిందిరా. భుజం పోయింది. మాత్రలు మింగి నెట్టుకొస్తున్నాడు. మూడో ఇన్నింగ్స్ దాకా ఓపిక పడితే చాలు, ఆ తర్వాత నువ్వు కొట్టినా సిక్సే. కోచ్‌కి కూడా చెప్పలేదు, చెబితే హీరో వేషం పోతుందిగా!" అని నవ్వాను కూడా. ఆ చివరి మాట అవసరమే లేదు. వాడు నొప్పి భుజంతో కారు నడుపుకుంటూ నా కోసం స్టేషన్‌కు వచ్చినవాడు.

ఫోన్ పెట్టేశాక పక్క బెంచీ మీద స్కోరు పుస్తకం పట్టుకున్న అమ్మాయి, టోపీ, నల్ల కళ్లద్దాలు, మాస్కు అన్నీ ఉన్న అమ్మాయి, మాస్కు కిందికి లాగి నీళ్లు తాగింది.

"అన్నా, జర మెల్లగ మాట్లాడుండ్రి," అంది. "నాక్గూడ తెలుగొస్తది."

పేరు నిఖిల. నిజామాబాద్. కైసర్స్‌లౌటర్న్‌లో మాస్టర్స్ చేస్తూ నీలం టోపీలకు స్కోరరుగా ఉంటోంది. ఎవరికీ చెప్పొద్దమ్మా అని బతిమాలాను.

"మావోళ్లకు చెప్ప. గెలిస్తె ఆడి గెలవాలె," అంది. స్కోరు పుస్తకం మూసి, "కానీ అన్నా, గా భుజంతోని బంతులేస్తె ఆయన చెయ్యి పోతది. వాళ్ల కోచ్‌కు తెల్వకుంట ఎట్ల?" అంది. అంతలో ఆమెను ఎవరో పిలిచారు. వెళ్లిపోయింది. శ్రీధర్ వచ్చి "పద, శ్రావణి ఎదురుచూస్తంటది" అన్నాడు. అప్పుడే చెప్పాల్సింది. కారులో ఇల్లు చేరేదాకా ఎడమచేతి బ్యాటర్ల గురించి మాట్లాడాను.

శ్రావణి కోడి పులుసు, గోంగూర పచ్చడి చేసింది. గోంగూర కోసం ముందురోజు మాన్‌హైమ్ దాకా వెళ్లొచ్చిందట. "అన్నయ్యగారు వస్తున్నారని" అంది. మేము తింటుండగా మార్కుస్ ఫోన్ చేశాడు. శ్రీధర్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి జర్మన్‌లో అవును, కాదు, అవును అన్నాడు. వచ్చి కూర్చున్నాడు గానీ కంచం ముట్టలేదు.

"శనివారం లేదు," అన్నాడు. "రేపు ఆర్థోపెడిక్ దగ్గరికి వెళ్లి కాగితం తెచ్చేదాకా బంతి పట్టుకోవద్దన్నాడు. నా భుజం సంగతి ఎవరో చెప్పారంట. ఎవరో మాత్రం చెప్పడంట." శ్రావణి వైపు తిరిగాడు. "నువ్వేనా?"

"నేనా? నేనెందుకు చెప్తానండీ?"

"ఈ ఊళ్లో నీకు తప్ప ఎవరికి తెలుసు? నెల నుంచి మానెయ్యి మానెయ్యి అంటంది నువ్వేగా."

"మీతోనే అన్నాను. మీ వెనకాల పోయి చెప్పే మనిషినా నేను?" అంది. అతిథి ముందు ఏడవకూడదని కాబోలు, గిన్నె తీసుకుని నా కంచంలో ఇంకో గరిటె పులుసు వేసింది.

నేను తిన్నాను. ఇది రాయడానికే నాకు తల కొట్టేసినట్టుగా ఉంది, అయినా రాస్తున్నాను. ఒక్క మాట చాలు, అన్నీ సర్దుకునేవి. ఆ మాటకు బదులు అన్నం కలుపుకుని తిన్నాను. శ్రావణి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. కుళాయి నీళ్ల చప్పుడు మాత్రం వినిపించింది. పెరుగన్నం కూడా తిన్నాక, రైలుకు టైమైందన్నాను.

నా తిరుగు రైలు ఐదుంబావుకు. స్టేషన్ బయట కారు ఆపి శ్రీధర్ స్టీరింగ్ వదలకుండా కూర్చున్నాడు. "ఇంట్లో మనిషినే నమ్మలేకపోతే ఎట్టారా?" అన్నాడు. "నీకు పొద్దున చెప్పా. నువ్వు దాచుకున్నావుగా. ఆమెకేమైంది?"

ఇక నావల్ల కాలేదు. చెప్పింది నేనేనన్నాను. ఫోన్‌లో ఏమన్నానో, ఎవరు విన్నారో, హీరో వేషం అన్న మాటతో సహా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"అడిగినప్పుడు పక్కనే కూర్చున్నావుగా," అన్నాడు. "నాకెందుకు చెప్తున్నావ్ ఇప్పుడు? ఆమెకి చెప్పు." కారు వెనక్కి తిప్పాడు. రైలు వెళ్లిపోయింది.

శ్రావణి తలుపు తీసి, ఏదైనా మర్చిపోయారా అని అడిగింది. గుమ్మంలోనే నిలబడి మళ్లీ అంతా చెప్పాను. క్షమించమన్నాను. ఆమె నా ముఖంలోకి చూస్తూ విన్నది. చివరికి ఒక్కటే అంది. "నేను మీకు వడ్డిస్తున్నప్పుడు కూడా మీకు తెలుసా అన్నయ్యా?"

తెలుసన్నాను. ఆమె తల ఊపి లోపలికి వెళ్లింది. శ్రీధర్ ఆమె వెనకే వెళ్లాడు. తలుపు వెనక వాడి గొంతు చాలాసేపు వినిపించింది, మాటలు తెలియలేదు, బతిమాలుతున్నాడని మాత్రం తెలిసింది. ఆ పూట ఇంకో రైలు అందదు కాబట్టి వాళ్ల సోఫా మీదే పడుకోవాల్సి వచ్చింది. ఎవరో ఉతికిన దుప్పటి తెచ్చి పెట్టారు. మర్నాడు పొద్దున్నే కొత్త టికెట్ కొనుక్కుని వచ్చేశాను.

సోమవారం డాక్టరు చూసి, కండరం కొంచెం చిరిగిందని, మూడు నెలలు బంతి ముట్టొద్దని చెప్పాడట. ఈ శనివారం గనక వేస్తే ఆపరేషన్ దాకా వెళ్లేదట. ఇది విన్నప్పుడు, అయితే నేను చేసింది మంచికేనని మనసు చిన్నగా ఊరట పడబోయింది. అందుకు ఇంకా సిగ్గుపడ్డాను. వాడి చెయ్యి కాపాడింది నిఖిల. ఎదుటి జట్టు మనిషై ఉండీ, తన జట్టుకు చెప్పకుండా, చెప్పాల్సిన ఒక్కడికే, మార్కుస్‌కే చెప్పింది. నేను వాడి స్నేహితుణ్నై ఉండీ చెప్పకూడని చోట చెప్పాను, చెప్పాల్సిన చోట నోట్లో ముద్ద పెట్టుకున్నాను. నోరు జారడం ఒక తప్పు, ఎవరైనా చేస్తారు. ఆ తప్పు ఇంకో మనిషి మీద పడుతుంటే చూస్తూ కూర్చోవడానికి మాత్రం నా దగ్గర ఏ సాకూ లేదు. ఇది రాయవచ్చా అని శ్రీధర్‌ను అడిగితే, "రాస్తే మొత్తం రాయి. నీ వాటా మింగేసి రాయబాకు" అని మెసేజ్ పెట్టాడు. మొత్తం రాశాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సూచన. శనివారం మొదటి మ్యాచ్ పదకొండింటికి. టీకా సర్టిఫికెట్ ఫోన్‌లో పెట్టుకుని పదిన్నరకల్లా గేటు దగ్గర ఉండండి, మొదటి బేస్ వైపు కూర్చోండి, అక్కడ చెట్ల నీడ ఉంటుంది. శ్రీధర్ బదులు బంతి వేసేది నలభై దాటిన ఒక స్కూలు టీచరు. వేగం లేదు, గురి ఉంది. ఎర్ర టోపీలకు కష్టమే. శ్రీధర్ జట్టు బట్టలు వేసుకోకుండా బెంచీ చివర కూర్చుని ఉంటాడు, శ్రావణి కూడా వస్తుందట. తెలుగులో పలకరించండి, సంతోషిస్తారు. నేను రావడం లేదు. రావద్దని వాళ్లు అనలేదు. రమ్మని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు.